రైలుపట్టాల పక్కన రాత్రివేళ చెట్టుకొమ్మల కత్తిరింపు: దీపాల ఎంపిక – సంకేతార్థ వివేచన

వ్యాససంగ్రహం:
రైలుమార్గం పక్కన వెలిగే ఏ దీపమైనా రెండు పనులు చేస్తుంది. పనివారికి చోటు చూపుతుంది; లోకో పైలట్‌కు ఏదో ఒక అర్థాన్ని తెలుపుతుంది. రాత్రివేళ కొమ్మలు కొట్టే పనికి దీపాలను ఎంచుకునేటప్పుడు మొదటిదాన్నే లెక్కించి రెండవదాన్ని మరవడం ప్రమాదకరం. ఫలక్‌నుమా – ఉందానగర్ మార్గాన్ని ఉదాహరణగా తీసుకుని రంగు, కదలిక, దిశ, పరిమాణం, ఎత్తు, విద్యుత్తు అనే అంశాలవారీగా ఎంపిక సూత్రాలను వివరించడం ఈ వ్యాస ఉద్దేశ్యం.

కీలకపదాలు: రైలుమార్గం, పనిదీపం, సంకేతం, మిరుమిట్లు, విద్యుత్ తీగ, కార్మిక భద్రత.

1. ఉపోద్ఘాతం:
జల్‌పల్లికి పడమటి దిక్కున ఫలక్‌నుమా, బుద్వేల్, ఉందానగర్ స్టేషన్ల మీదుగా రైలుమార్గం మహబూబ్‌నగర్ వైపు సాగుతుంది. సికింద్రాబాద్ – మహబూబ్‌నగర్ మధ్య రెండవ లైను, విద్యుదీకరణ పనులు పూర్తయి 2023 ఏప్రిల్ 8న జాతికి అంకితమయ్యాయి. దీనితో పట్టాల పక్క చెట్టుకు, దాన్ని కొట్టే మనిషికి ఉన్న సంబంధం మారింది. ఒకప్పుడు విరిగిన కొమ్మ పట్టాల మీద పడేది. ఇప్పుడు అది 25 కిలోవోల్టుల తీగను తాకవచ్చు. ఒక లైనులో రాకపోకలు ఆపినా పక్క లైనులో బండి రావచ్చు.

పట్టాల మీద పడే ప్రమాదమున్న చెట్టును, సిగ్నల్ కనబడకుండా అడ్డుపడే చెట్టును తొలగించడానికి పక్క భూమిలోకి ప్రవేశించే అధికారాన్ని రైల్వే చట్టం, 1989లోని 14వ సెక్షన్ రైల్వే పాలనకు ఇచ్చింది. బండ్లు తక్కువగా తిరిగే వేళలోనే లైను దొరుకుతుంది కనుక ఇటువంటి పని తరచు రాత్రికి వాయిదా పడుతుంది. సిగ్నల్ స్పష్టంగా కనబడడానికి చేసే పనిలో వాడే దీపమే సిగ్నల్‌ను భ్రమింపజేస్తే పని ఉద్దేశ్యమే దెబ్బతింటుంది.

2. రైల్వేలో వెలుగు ఒక భాష:
భారతీయ రైల్వేల సాధారణ నియమాల ప్రకారం రాత్రివేళ ఎర్రదీపం చూపితే ‘ఆగు’ అని అర్థం. పచ్చదీపాన్ని కదపకుండా పట్టుకుంటే ‘సాగు’. నిలువుగా పైకీ కిందికీ ఊపితే ‘జాగ్రత్తగా సాగు’. ఎర్రదీపం లేనప్పుడు తెల్లదీపాన్ని ఒంటికి అడ్డంగా వేగంగా ఊపినా ‘ఆగు’ అనే అర్థం. ఇక్కడ రంగు మాత్రమే కాదు, కదలిక కూడా సూచకమే. పక్క లైనుకు ఆటంకం కలిగి ఉండవచ్చని హెచ్చరించడానికి ఇంజనుపై పసుపు మినుకుదీపం వెలిగిస్తారు. దాన్ని చూసిన ఎదుటి బండి ఆగాలి.

కాబట్టి పట్టాల పక్కన అర్థం లేని వెలుగు ఉండదు. అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే పనిదీపానికి వాచ్యార్థమే ఉండాలి, వ్యంగ్యార్థం స్ఫురించరాదు.

3. రంగు, కదలిక:
పై నియమాల నుండి మూడు జాగ్రత్తలు ఏర్పడుతున్నాయి.

మొదటిది, పనిదీపం తెల్లగా, నిలకడగా వెలగాలి. రోడ్డు పనుల్లో మనకు అలవాటైన పసుపు మినుకుదీపాన్ని రైలుపట్టాల పక్కకు తేరాదు. రోడ్డు మీద అది ‘నెమ్మదిగా వెళ్లండి’ అంటుంది. పట్టాల పక్కన వేరొక అర్థం ఇవ్వగలదు.

రెండవది, తలకు కట్టుకునే దీపాల్లో కొన్నింటికి వెనుక ఎర్రని మినుకు, ముందు ఎర్రకాంతి అమరిక ఉంటాయి. అవి లేనివాటిని ఎంచుకోవాలి. ఉంటే పనిచేయకుండా చేయాలి.

మూడవది, చెట్టెక్కిన మనిషి తలను అటూఇటూ తిప్పినప్పుడు తలదీపం కూడా అడ్డంగా ఊగుతుంది. దూరం నుండి అది తెల్లదీపం ఊపినట్లు కనబడే అవకాశముంది. అందువల్ల తలదీపం చేతిదగ్గరి పనికి సరిపోయేంత మందంగా ఉండాలి. ప్రధానమైన వెలుగు నేలమీద నిలిపిన దీపాల నుండి రావాలి.

4. మిరుమిట్లు, నీడలు:
కంటికి అవసరానికి మించి వెలుగు తగిలి చూపు చెదరడాన్ని తెలుగులో ‘మిరుమిట్లు గొలపడం’ అంటాం. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడడానికి 20 నుండి 30 నిమిషాలు పడుతుంది. ఆ అలవాటు క్షణంలో చెడిపోతుంది. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు సుమారు 30 మీటర్లు సాగుతుంది. లోకో పైలట్‌కు 3 సెకన్లు చూపు చెదిరితే 90 మీటర్లు చూడకుండా గడిచినట్లే.

కాబట్టి దీపాన్ని పట్టాల వెంబడి కాక, వాటికి అడ్డంగా, కిందికి వంచి పెట్టాలి. పక్కలకు వెలుగు చిమ్మకుండా కప్పు ఉన్న దీపం మేలు. రెండు లైన్ల మార్గంలో ఇరువైపుల నుండీ వచ్చే లోకో పైలట్ల చూపును పరిశీలించాలి.

పనివారికి నీడలే శత్రువులు. ఒకే దీపం పెడితే బోదె వెనుక చీకటి మిగులుతుంది. తలదీపం కంటిపక్కనే ఉండడం వల్ల నీడలు దాగి, కొమ్మ ఎంత లోతున ఉన్నదో తెలియదు. తక్కువ తీవ్రతగల రెండు దీపాలను రెండు కోణాల్లో నిలిపితే కొమ్మ ఆకృతి, సన్నని తీగ స్పష్టపడతాయి.

5. ఎంత వెలుగు:
దీపపు పెట్టె మీద ఉండే ల్యూమెన్ల సంఖ్య దీపం వెదజల్లే మొత్తం కాంతి. పనిచోట పడే కాంతిని లక్స్‌లో కొలుస్తారు. ఒక ఉదాహరణ: 6,000 ల్యూమెన్ల దీపం నుండి సగం కాంతి 60 చదరపు మీటర్ల చోటుకు చేరితే సగటున 50 లక్స్ లభిస్తుంది. బిందువువంటి మూలం నుండి అన్నివైపులా విస్తరించే కాంతి విషయంలో దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు తగ్గుతుంది. అందుచేత పెద్ద దీపాన్ని దూరంగా నిలపడంకన్నా చిన్నవాటిని సురక్షితమైన దగ్గరి చోట నిలపడం మేలు.

6. ఎత్తు, విద్యుత్తు:
విద్యుత్ సరఫరా నిలిపి, తీగను భూమికి కలిపి, లిఖిత అనుమతి పొందనిదే తీగకు 2 మీటర్లలోపు పని చేయరాదు. ఈ హద్దు దీపస్తంభానికి, దోటికి కూడా వర్తిస్తుంది. స్తంభం పడిపోయినా తీగకు ఆ హద్దులోపలికి రాని చోటే దాన్ని నిలపాలి. అంటే తీగకు దాని అడ్డదూరం, స్తంభం ఎత్తుకు మరో 2 మీటర్లు కలిపినంత ఉండాలి.

జనరేటర్ చప్పుడు రైలు కూతను, కాపలా మనిషి ఈలను మింగేస్తుంది. అందువల్ల బ్యాటరీ దీపమే మెరుగు. 50 వాట్ల దీపం 4 గంటలు వెలగడానికి 200 వాట్-గంటలు కావాలి. ముగింపు పనులకోసం నాలుగో వంతు కలిపి 250 ఉంచుకోవాలి. చెట్టుమీద మనిషి ఉండగా దీపం ఆరిపోరాదు.

7. ముగింపు:
 • పట్టాల పక్క దీపం వెలుగుతోపాటు అర్థాన్నీ ఇస్తుంది. కాబట్టి తెల్లని, నిలకడైన, మినుకులేని దీపాన్నే ఎంచుకోవాలి.
 • ల్యూమెన్ల సంఖ్యకన్నా కప్పు, కోణం, నిలిపే చోటు ముఖ్యం.
 • పని ఆరంభానికి ముందు రైల్వే పర్యవేక్షకుని అనుమతితో ఇరువైపులా దూరంగా నిలబడి, లోకో పైలట్ చూపుతో దీపాలను పరీక్షించాలి.
 • దీపాన్ని కొనేవారు ఒకరు, దాని కింద ప్రాణం పణంగా పెట్టేవారు మరొకరు. ఈ సూచనలు చెట్టెక్కే మనిషికి అర్థమయ్యే తెలుగులో, మిరుమిట్లు, నీడ, ఊపు, మినుకు వంటి మాటల్లో చేరాలి. వృత్తిపదజాలంపై పనిచేసే తెలుగు పరిశోధకులు చేయగల ఉపయోగకరమైన కృషి ఇది.