వెనక ఇరుసు కూత

బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం పోవాలి. రెండింటినీ ఒకే కడ్డీకి బిగిస్తే ఏదో ఒకటి నేలను రాసుకుంటూ ఈడ్చుకుపోక తప్పదు. ఈ చిక్కును 1820ల చివర్లో ఫ్రాన్సులో ఓనెసిఫోర్ పెకర్ విప్పాడు. గడియారాల పనివాడు కదా, ఆవిరి బండి ఇరుసు మధ్యలో పళ్లచక్రాలు అమర్చి, రెండు చక్రాలకూ బలం అందుతూనే వేర్వేరు వేగాలతో తిరిగేలా చేశాడు. 1877లో ఇంగ్లండులోని కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ అదే సూత్రాన్ని మూడు చక్రాల సైకిలుకు వాడాడు. ఈనాటి డిఫరెన్షియల్ ఆ వంశంలోదే.

ఈ డిఫరెన్షియల్‌ను తిప్పే గేర్లూ తర్వాత మారాయి. 1926లో అమెరికాలో ప్యాకార్డ్ కార్లకు హైపాయిడ్ గేర్లు వచ్చాయి. షాఫ్ట్ కొసన ఉండే చిన్న గేరు పినియన్‌ను, అది తిప్పే పెద్ద గేరు క్రౌన్ వీల్ నడిమికి కాస్త కిందుగా అమర్చడంతో ప్రొపెల్లర్ షాఫ్ట్ దిగింది, దాంతో కారు ఎత్తూ తగ్గింది. చప్పుడు కూడా తగ్గింది. అయితే ఈ పళ్లు ఒకదానిమీద ఒకటి గట్టిగా ఒరుసుకుంటూ జారతాయి. ఆ ఒత్తిడికి మామూలు ఆయిల్ పొర నిలవదు. అందుకే గంధకం, భాస్వరం కలిసిన గేర్ ఆయిల్ పోస్తారు. ప్లగ్ విప్పగానే ముక్కుకు కొట్టే ఘాటు ఆ గంధకానిదే.

ఆయిల్ తగ్గినా, బేరింగ్ అరిగినా ఇరుసు కూత మొదలెడుతుంది. మంచి మెకానిక్ హౌసింగ్ విప్పేముందు ఆ చప్పుడు ఎప్పుడు వస్తోందో అడుగుతాడు. యాక్సిలరేటర్ తొక్కితే ఒక రకంగా, వదిలితే మరో రకంగా కూస్తే అనుమానం క్రౌన్, పినియన్ మీదికి పోతుంది. తొక్కినా వదిలినా ఒకేలా గుర్రుమంటూ, స్టీరింగ్ కుడికి తిప్పినప్పుడు పెరిగితే ఎడమ చక్రం బేరింగును చూడాలి, మలుపులో బరువు అటే పడుతుంది కాబట్టి. రోడ్డు మారగానే చప్పుడు మారిందంటే టైర్లను చూడాలి. మలుపుల్లోనే వినిపిస్తే డిఫరెన్షియల్ లోపలి స్టార్ పినియన్లను, గేరు వేయగానే టక్కుమంటే ముందుగా ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులను పరీక్షించాలి.

విప్పాక పళ్లకు రంగు పూసి తిప్పుతారు. రంగు చెరిగిన మచ్చ పన్ను నడుమ పడితే అమరిక సరిగా ఉన్నట్టు, అంచుకు జరిగితే సందు సరిచేసే పలుచటి రేకులు, అంటే షిమ్ములు మార్చాలి. చిన్న కార్లలో పళ్ల మధ్య ఆట మిల్లీమీటరులో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా ఉంటే చాలు.

క్రౌన్, పినియన్ రెండింటినీ ఫ్యాక్టరీలో ఒకదానితో ఒకటి అరగదీసి జత కడతారు. అందుకే డబ్బు మిగులుతుందని పినియన్ ఒక్కటే మార్పించుకోకండి. కొత్త పినియన్ పాత క్రౌన్‌తో కుదరదు, మార్చితే జతగానే మార్చాలి.