చిన్న పలకలు – పెద్ద చిత్రం

ఒక్క చుక్క ముగ్గు కాదు. సంక్రాంతి రోజులలో వాకిట ముగ్గు వేసేవారిని చూచిన పిల్లలందరికీ ఈ సంగతి తెలుసు. చుక్కలన్నీ వరుసగా పెట్టి, వాటిని గీతతో కలుపుకొంటూ పోతేనే పద్మమో, రథమో కంటికి కనబడుతుంది. కాని ఒక్క చుక్క పక్కకు జరిగినా గీత తప్పుతుంది, ముగ్గు చెడుతుంది. అనగా ముగ్గులో ప్రతి చుక్కా చిన్నదే. అక్కరలేని చుక్క మాత్రం ఒక్కటీ లేదు.

ఇరుగుపొరుగువారు కలిసి వేసే చిత్రం కూడా ఇటువంటిదే. పేటలోని పిల్లలూ పెద్దలూ ఒక్కొక్కరు జానెడు పలకపై ఒక్కొక్క బొమ్మ వేస్తారు. తరువాత ఆ పలకలన్నిటినీ వరుసగా చేర్చి, పదిమంది తిరిగే చోట గోడకు అమరుస్తారు. అప్పుడు అది ఏ ఒక్కరి బొమ్మా కాదు, పేట బొమ్మ. దానిని ఎలా వేయాలో, వేసే ముందు ఏమేమి ఆలోచించాలో సింగపూరులోని ఆంగ్ మో కియో పేటను ఉదాహరణగా తీసికొని తెలుసుకొందాం.

చేర్చే పద్ధతులు

చిన్నవాటిని చేర్చి పెద్దదానిని చేయడంలో పద్ధతులు అనేకం. వాటిలో మూడింటిని చూడండి.

మొదటిది రంగుపెంకుల పద్ధతి. టోవా పాయో పేటలో 1979లో కట్టిన డ్రాగన్ ఆటస్థలం పేరు మీరు వినే ఉంటారు. హెచ్.డి.బి. అనే గృహ నిర్మాణ సంస్థలో పనిచేసిన ఖోర్ ఈన్ గీ దానిని రూపొందించారు. ఆంగ్ మో కియో మూడవ ఎవెన్యూలో 570వ బ్లాకు దగ్గర కూడా అటువంటి డ్రాగన్ ఉంది. ఆ డ్రాగన్ తల అంతా చిన్న చిన్న రంగుపెంకులతో పొదిగినదే. అందులో నుండి ఒక్క పెంకును వేరుగా చూస్తే అది వట్టి రంగుముక్క. దానిలో కన్నూ లేదు, ముక్కూ లేదు. పక్క పెంకులతో కలిస్తేనే దానికి అర్థం.

రెండవది ముద్రల పద్ధతి. ఆంగ్ మో కియోకు తూర్పు దిక్కున హౌగాంగ్ పేట ఉంది. 2003లో నడక ప్రారంభించిన ఈశాన్య రైలు మార్గంలో హౌగాంగ్ స్టేషన్‌కు వెళితే, అక్కడ 3000కు పైగా చేతిముద్రలు కనిపిస్తాయి. ఆ పేట వాసుల చేతులను రంగులో అద్దించి, సెక్ యోక్ యింగ్ అనే చిత్రకారిణి వాటిని స్టేషన్‌కు అలంకారంగా కూర్చారు. చేతులన్నీ ఒకే తీరుగా ఉన్నట్లు తోస్తాయి. కాని దగ్గరకు వెళ్ళి చూస్తే ఏ రెండూ ఒకటి కావు.

మూడవది మన తెలుగునాటి పద్ధతి. తెలంగాణలో సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు పొడవాటి గుడ్డచుట్టపై కథలను చిత్రిస్తారు. కథ చెప్పేవారు ఆ చుట్టను విప్పుకొంటూ, ఒక్కొక్క బొమ్మను చూపుతూ ఊరివారికి కథ వినిపించేవారు. ఆ గుడ్డపై అంచుపట్టీలతో గళ్ళు గళ్ళుగా విభజించి, గడికి ఒక ఘట్టం చొప్పున వేస్తారు. ఏ గడికి ఆ గడి పూర్తి బొమ్మే. అయినా అన్ని గళ్ళూ ఒకే కథను నడుపుతాయి. అన్ని గళ్ళ వెనుకా ఎక్కువగా ఒకే ఎర్ర రంగు ఉంటుంది కాబట్టి చూపు ఒక గడి నుండి మరొక గడికి తడబడకుండా సాగుతుంది. చేర్యాల చిత్రకళకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది.

మనం వేయబోయే జానెడు పలకకు ఈ మూడూ పాఠం చెబుతాయి. పక్కవాటితో కలవడం రంగుపెంకు నుండి నేర్చుకోవాలి. మన చేయి మనదిగా ఉండడం చేతిముద్ర నుండి నేర్చుకోవాలి. ఒక్క గడిలో ఒక్క సంగతే చెప్పడం చేర్యాల బొమ్మ నుండి నేర్చుకోవాలి.

ఏమి వేయాలి?

పలక ఇవ్వగానే చాలామంది పిల్లలు సూర్యుడు, రెండు కొండలు, ఒక ఇల్లు, ఒక చెట్టు వేస్తారు. ఆ బొమ్మ ఏ ఊరిదైనా కావచ్చు. పేట చిత్రంలో పేట కనబడాలి కదా! కనుక ముందు మీ కళ్ళతో చూచిన దానిని వెదకండి. ఆంగ్ మో కియోలో అటువంటివి ఎన్నో ఉన్నాయి.

మొదట ఆ పేరునే చూడండి. హొక్కియన్ భాషలో 'ఆంగ్ మో' అంటే ఎర్ర జుట్టు. ఐరోపా వారిని అక్కడివారు ఆ మాటతో పిలిచేవారు. 'కియో' అంటే వంతెన. కాబట్టి దొరల వంతెన అని ఒక అర్థం. అదే పలుకుబడితో టమాటాకు కూడా ఆ పేరు ఉందని, అది 'దొరల వంకాయ' అని మరికొందరు చెబుతారు. మనవారు పరదేశం నుండి వచ్చిన కాయను 'సీమ చింతకాయ' అన్నట్లే ఇది కూడా! ఒక పలకపై వంతెన, దాని పక్క పలకపై ఎర్రని టమాటా వేస్తే, చూచినవారు నవ్వుకొంటారు. పేరు కథనూ తెలుసుకొంటారు.

రెండవ ఎవెన్యూలోని 259వ బ్లాకును చూడండి. ఇది 1981లో పూర్తయింది. బ్లాకులన్నీ అగ్గిపెట్టెల వలె నాలుగు పలకలుగా ఉంటే, ఇది మాత్రం నాలుగు గుండ్రని గోపురాలను పక్కపక్కన చేర్చినట్లు ఉంటుంది. గుండ్రని గోడపై ఒక పక్క వెలుగు, మరొక పక్క నీడ ఎలా పడుతుందో వేసి చూపడానికి ఇంతకంటె మంచి వస్తువు దొరకదు.

కెబున్ బారు ప్రాంతంలో ఎత్తైన కంబాలు వరుసగా పాతి ఉంటాయి. పిట్టలను పెంచేవారు పంజరాలను ఆ కంబాలకు తగిలించి పైకి లాగుతారు. తలపై జుట్టున్న బుల్‌బుల్ పిట్టలు అక్కడ పోటీపడి కూస్తాయి. ఒక్క కంబం, ఒక్క పంజరం, వెనుక ఆకాశం – పలకకు ఇవి చాలు.

బీషాన్–ఆంగ్ మో కియో పార్కులో కల్లాంగ్ నది ప్రవహిస్తుంది. ఒకప్పుడు అక్కడ నది లేదు, 2.7 కిలోమీటర్ల పొడవున తిన్నని కాంక్రీటు కాలువ ఉండేది. దానిని తవ్వి తీసి, వంపులు తిరిగే 3.2 కిలోమీటర్ల నదిగా మార్చి, 2012లో పార్కును తిరిగి తెరిచారు. గట్లపై రాళ్ళూ మొక్కలూ పెంచారు. అక్కడ నీటికుక్కలు కూడా తిరుగుతాయి. ఒక పలకపై తిన్నని గీతగా కాలువ, దాని కింది పలకపై వంపుల నది వేస్తే, మాట లేకుండానే సంగతి తెలుస్తుంది.

పేరుపొందినవే వేయాలని లేదు. మీ అంతస్తు వరండాలో వెదురుబద్దలకు ఆరవేసిన బట్టలు, పొరుగింటి మామ్మగారి తులసికుండీ, వాయిడ్ డెక్‌లో చదరంగపు బల్ల – ఇవీ పేటయే. చూచిన దానిని చూచినట్లు వేయడమే ముఖ్యం.

ఎలా వేయాలి?

పలక కొలత ముందే నిశ్చయించుకోవాలి. 15 సెంటీమీటర్ల చదరపు కాన్వాసు అట్టలు తీసికొన్నామని అనుకొందాం. అడ్డవరుసకు 12 చొప్పున 10 వరుసలు పేర్చితే 120 పలకలు అవుతాయి. మొత్తం చిత్రం 180 సెంటీమీటర్ల వెడల్పు, 150 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. ఒక్కరు కొలత తప్పినా వరుస కలవదు.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష. చేయి చాచి మీ బొటనవేలి గోరును చూడండి. గోడకు 5 మీటర్ల దూరంలో నిలుచున్నవానికి మీ పలక ఇంచుమించు అంతే కనబడుతుంది. అంత చిన్నదానిలో పది వస్తువులు పెడితే ఒక్కటీ కనబడదు. అందుచేత ఒక్క వస్తువునే తీసికొని, పలకలో ముప్పాతిక వంతు నిండేటట్లు పెద్దదిగా వేయాలి. ఏమి వేయాలో తేల్చుకోవడం కంటె ఏమి వదలాలో తేల్చుకోవడమే కష్టం.

ముందు కాగితంపై అదే కొలత గడి గీసి, పెన్సిలుతో మూడు నాలుగు రకాలుగా వేసి చూచుకోండి. వాటిలో దూరం నుండి చూచినా గుర్తుపట్టగలిగిన దానిని ఎన్నుకోండి.

తరువాత పలకను సిద్ధం చేయాలి. చేర్యాలలో ఖద్దరు గుడ్డకు బియ్యపు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూస్తారు. గుడ్డ రంగును పీల్చివేయకుండా, నునుపుగా ఉండడానికే ఆ పూత. నేడు కొట్టులో దొరికే కాన్వాసు అట్టకు ఆ తెల్లపూత సాధారణంగా పూసే ఉంటుంది. వట్టి చెక్కపై వేసేటప్పుడు మాత్రం తెల్లపూత మనమే పూసి ఆరనివ్వాలి.

రంగులు ఆక్రిలిక్‌వి అయితే మేలు. వాటిని నీటితో కలుపుకోవచ్చు. ఆరిన తరువాత నీరు తగిలినా కరగవు. కాని ఇదే గుణం కుంచెకు కీడు చేస్తుంది. రంగు ఆరిపోతే కుంచె కట్టెపుల్ల అవుతుంది. అందుచేత పని కాగానే కుంచెను కడగాలి. లేత రంగులు, విశాలమైన భాగాలు ముందు. ముదురు రంగులు, సన్నని గీతలు చివర. ఒక పూత ఆరిన తరువాతనే మరొక పూత వేయాలి. మార్కరు పెన్నులతో వేసినవి చాలావరకు ఎండకు వెలిసిపోతాయి. అన్నీ ఆరిన తరువాత పైన ఒక పలుచని వార్నిష్ పూత వేస్తే దుమ్మును తుడుచుకోవచ్చు.

ఎలా కలపాలి?

పలకలన్నీ కలవాలంటే అందరూ ఒక ఒప్పందానికి రావాలి. చేర్యాలవారి ఎర్ర రంగు వలె ఒకే రంగును అందరూ వెనుక భాగానికి వాడడం ఒక పద్ధతి. నది గీతనో, రైలుపట్టాలనో ఒక పలక అంచు నుండి మరొక పలక అంచుకు సాగించడం మరొక పద్ధతి. రెండవ పద్ధతిలో మీ గీత ఎక్కడ ముగుస్తుందో పక్కవారికి చెప్పి తీరాలి. "నా పలక నా ఇష్టం" అంటే నది సగంలో తెగిపోతుంది.

పేర్చేటప్పుడు బాగున్నవన్నీ నడుమకు, బాగులేనివన్నీ మూలలకు తోయరాదు. నాలుగేళ్ళ పాప వేసిన వంకరటింకర నీటికుక్కకూ, చేయి తిరిగినవారు వేసిన బ్లాకుకూ పలక కొలత ఒక్కటే. వాయిడ్ డెక్ గోడపై అమర్చాలనుకొంటే ముందుగా పెద్దల ద్వారా టౌన్ కౌన్సిల్ అనుమతి తీసికోవాలి. ఎండావానా నేరుగా తగలని గోడను ఎన్నుకోవాలి.

ఇదంతా ఎందుకు?

ఫోటో తీస్తే క్షణంలో అయిపోయేదానికి ఇంత శ్రమ ఎందుకని మీరు అడగవచ్చు. ఫోటో కూడా మంచిదే. కాని బొమ్మ వేయాలంటే మనం ఆగి చూడాలి. రోజూ ఎక్కే బ్లాకుకు ఎన్ని అంతస్తులో, మెట్ల దగ్గర గోడ ఏ రంగో, ఆ బొమ్మ వేసే నాటికి గాని చాలామంది గమనించరు.

మరొక కారణం కూడా ఉంది. ఆంగ్ మో కియో నిర్మాణం 1973లో మొదలయింది. రబ్బరు తోటలూ పల్లెలూ ఉన్న నేలపై బ్లాకులు లేచాయి. 1987 నవంబరులో సింగపూరు ఎం.ఆర్.టి. రైలు మొదటిసారి నడచిన అయిదు స్టేషన్లలో ఆంగ్ మో కియో ఒకటి. ఆనాడు కొత్తవైన బ్లాకులు నేడు పాతబడ్డాయి. మూడవ ఎవెన్యూలోని 562 నుండి 565 వరకు గల నాలుగు బ్లాకులను తిరిగి అభివృద్ధి చేయడానికి తీసికొంటామని 2022 ఏప్రిల్‌లో ప్రకటించారు. వాటిలో 606 ఇళ్ళు ఉన్నాయి. అక్కడివారికి ఆంగ్ మో కియో డ్రైవ్‌లో కట్టే కొత్త ఇళ్ళకు మారే అవకాశం చూపారు. కొత్త ఇల్లు మంచిదే కావచ్చు. కాని నలభై ఏళ్ళు కాపురమున్న ఇంటి కిటికీలో నుండి కనిపించిన చెట్టు కొత్త ఇంటికి రాదు. సాయంత్రం కూర్చొని కబుర్లు చెప్పుకొన్న బల్ల కూడా రాదు. పల్లెలు ఎలా ఉండేవో తాతగారు చెబితే తప్ప మనకు తెలియనట్లే, ఈ బ్లాకులు ఎలా ఉండేవో రేపటి పిల్లలకు ఎవరో ఒకరు చెప్పాలి. జానెడు పలక ఆ పని చేయగలదు.

కాబట్టి పలక ముందువైపు మీ పేరు పెద్ద అక్షరాలతో వ్రాయకండి. వెనుకవైపు మాత్రం మీరు ఏ చోటు వేశారో, ఏ సంవత్సరంలో వేశారో తప్పక వ్రాయండి. ఆ చోటు మారిపోయిన తరువాత, "ఇది ఎక్కడిది?" అని అడిగేవారికి జవాబు అక్కడ దొరుకుతుంది.

చేసి చూడండి

1. మీ బ్లాకులో రోజూ చూచే మూడు వస్తువుల పేర్లు వ్రాయండి. వాటిలో ఒక్కదానిని 15 సెంటీమీటర్ల గడిలో పెన్సిలుతో వేయండి. దానినే ఎందుకు ఎన్నుకొన్నారో రెండు వాక్యాలలో చెప్పండి.

2. మీ బొమ్మను గోడకు అంటించి 5 మీటర్ల దూరం నుండి చూడండి. ఏమి కనబడలేదో గుర్తించి, దానిని తీసివేసి తిరిగి వేయండి.

3. పక్కన కూర్చున్నవారి గడితో మీ గడి కలిసేటట్లు ఒక గీతను రెండు గడులలోనూ సాగించండి. గీత ఎక్కడ కలవాలో ముందుగా ఇద్దరూ మాట్లాడుకోండి.