మీకు తెలుసా?

మాల్దీవుల తెల్లని ఇసుకలో చాలా భాగం చేపల కడుపులోంచి వచ్చిందే!

రంగురంగుల చిలుక చేపలు నాచు కోసం పగడపు దిబ్బలను కొరుకుతాయి. ముక్కులాంటి పళ్లతో గీరిన సున్నపురాయిని గొంతులో ఉండే మరో వరుస పళ్లు పిండి చేస్తాయి. నాచు అరిగిపోతుంది, రాతి పొడి మాత్రం మెత్తటి ఇసుకై విసర్జనతో బయటికి వస్తుంది. ఒక్క పెద్ద చేప ఏడాదికి వందల కిలోల ఇసుక ఇస్తుంది. మాల్దీవుల్లోని వక్కారు దీవి చుట్టూ ఉన్న దిబ్బ మీద జరిపిన అధ్యయనం 2015లో వెలువడింది. అక్కడ కొత్తగా తయారవుతున్న ఇసుకలో 85 శాతానికి పైగా ఈ చేపలదేనని తేలింది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం హలిమెడా అనే సున్నపు నాచుది.

ఇది ఆ దేశానికి ప్రాణాధారమైన సంగతి. మాల్దీవుల్లో కొండల్లేవు, నదుల్లేవు. అంటే ఒండ్రుమట్టి తెచ్చిపోసే దారే లేదు. సుమారు 1,200 దీవులున్నా నేల మొత్తం కలిపి 300 చదరపు కిలోమీటర్లే. అందులో దాదాపు 80 శాతం సముద్రమట్టానికి ఒక మీటరు ఎత్తు కూడా లేదు. ఉన్న ఇసుకైనా ఒకచోట నిలవదు. నైరుతి రుతుపవనాలు ఒక ఒడ్డు నుంచి కోసి మరో ఒడ్డున పోస్తే, ఈశాన్య రుతుపవనాలు తిరిగి ఇటు తోస్తాయి. అలలకు లోతుల్లోకి జారిపోయిన ఇసుకను భర్తీ చేసేది దిబ్బ మీది జీవులే. అందుకే అక్కడ చిలుక చేపను కాపాడుకోవడమంటే నేలను కాపాడుకోవడమే.