షాదీ ముబారక్ చెక్కు ఎన్ని చేతులు మారి వస్తుంది?



"సర్కారు లక్ష రూపాయలు ఇస్తుంటే పేదింటి పెళ్లికి మీ సొసైటీతో ఇంకేం పని?" అని దాతలు మమ్మల్ని అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే.

షాదీ ముబారక్ పథకం 2014 అక్టోబర్ 2న రూ.51,000తో మొదలైంది. 2017లో అది రూ.75,116 అయింది, 2018లో రూ.1,00,116 అయింది. సొమ్ము పెరిగింది గానీ అది ఇంటికి చేరే దారి పొడుగైనదే.

ఇలాంటి దారులను పరిశీలించడానికి పనికొచ్చే ఒక పద్ధతి ఉంది. మిషెల్ కాలన్, బ్రూనో లతూర్, జాన్ లా అనే పండితులు 1980లలో రూపొందించిన దాన్ని యాక్టర్ నెట్‌వర్క్ థియరీ అంటారు. ఏ విధానమైనా పైనుంచి కిందికి ఉన్నదున్నట్టు దిగదు, చేతులు మారుతూ వస్తుంది, ప్రతి చోటా కొంత మారుతుంది అంటారు వాళ్లు. ఆ చేతుల్లో మనుషులతో పాటు కాగితాలు, రిజిస్టర్లు, కంప్యూటర్లు కూడా లెక్కే. వినడానికి వింతగా ఉంటుంది. మీసేవ కేంద్రం ముందు ఒక పూట నిలబడితే మాత్రం వింతేమీ అనిపించదు.

ఉదాహరణకు ఒక పిల్ల పేరు ఆధార్‌లో షేక్ రేష్మా, బడి టీసీలో రేష్మా బేగం, ఖాజీ గారి సియాహనామాలో రేష్మా బీ. ముగ్గురూ ఒకరేనని వీధంతా ఎరుగుదురు. కంప్యూటర్ ఎరగదు. అయితే అదే ఆధార్ మేలు కూడా చేస్తోంది. 18 నిండకపోతే డబ్బు రాదని తెలిసి, "ఇంకో ఏడాది ఆగుదాం" అన్న తల్లులను మేము చూశాం.

2016 అక్టోబర్ 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలయ్యాయి. అచ్చంపేట మనిషికి జిల్లా ఆఫీసు కోసం మహబూబ్‌నగర్ పోయే బాధ తప్పింది. పథకం అదే, దారి మారింది.

నడిగడ్డ వారికి రాయచూరులో, కర్నూలులో బంధుత్వాలున్నాయి. కర్ణాటక 2013లోనే 'బిదాయి' పేరుతో రూ.50,000 ఇవ్వడం మొదలుపెట్టింది. తుంగభద్ర అవతల ఆంధ్రప్రదేశ్‌లో 2022 అక్టోబర్ 1న 'షాదీ తోఫా' వచ్చింది. అక్కడ వధూవరులిద్దరూ పదో తరగతి పాసై ఉండాలన్నారు. నది దాటేసరికి పెళ్లి సాయం చదువు పథకం కూడా అయింది. ఆ షరతు మంచిదా కాదా అన్నదానిపై మా కమిటీలోనే రెండు మాటలున్నాయి.

ఇక మన వైపు అసలు చిక్కు వేరు. దరఖాస్తు తహసీల్దారు విచారణ, ఎమ్మెల్యే సంతకం దాటి తల్లి పేరున చెక్కు అయ్యేసరికి నికాహ్ ఎప్పుడో అయిపోతుంది. ఈ నడుమ వడ్డీ అప్పు ఇంట్లోకి వస్తుంది. మీ సొమ్మును మేము పెడుతున్నది ఈ నడుమనే. నికాహ్‌కు ముందు ఖర్జె హసనా ఇస్తాం, చెక్కు వచ్చాక వసూలు చేసుకుని మరో ఇంటికి ఇస్తాం. పేర్ల దిద్దుబాటు, తల్లి బ్యాంకు ఖాతా పనులకు అయ్యే ఖర్చు లిల్లాహ్ విరాళాల నుంచే, జకాత్‌ను వాటికి ముట్టుకోం.

మీ ఎరికలో పెళ్లి కుదిరిన పేదింటి పిల్ల ఉంటే, తేదీ పెట్టుకోకముందే ఆధార్, టీసీ ఇచ్చి తల్లిని మా ఆఫీసుకు పంపండి.