అమెరికా కాలేజీల ఫుట్‌బాలు: ప్రాంతముల బలాబలములు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఫుట్‌బాలు అనునది మన బాలురు సాయంకాలమున పాఠశాల మైదానములో ఆడునట్టి ఆట కాదు. అచ్చటి బంతి గుండ్రనిది గాక, రెండు కొనలును మొనదేలి యుండును. దానిని కాలితో తన్నుట అరుదు. చేతబట్టి పరుగెత్తుటయో, ముందున్న తన పక్షమువానికి విసరుటయో ముఖ్యము. పక్షమునకు పదునొకండ్రు. బంతి పట్టినవానిని, చెడుగుడులో కూతకు వచ్చినవానిని పట్టినట్లే, ఎదిరిపక్షమువారు మీదబడి నేలగూల్తురు. నాలుగు ప్రయత్నములలో పది గజములు సాగనిచో బంతి వారి వశమగును.

విద్యార్థుల ఆటయే యైనను దీనిని చూడవచ్చు జనసంఖ్య మనకు నమ్మశక్యము గాదు. మిచిగన్ విశ్వవిద్యాలయపు క్రీడారంగమున 107,601 మందికి చోటు గలదు. అయితే అన్ని ప్రాంతముల కాలేజీలును సమబలము గలవి కావు. ఇందులకు కారణమేమని యడిగినచో, ఆ ప్రాంతపువారు దేహబలము గలవారని కొందఱు తేలికగా చెప్పుదురు. చరిత్ర చూచినచో ఆ మాట నిలువదు.

కాలేజీల మధ్య మొదటి ఆట 1869 నవంబరు 6వ తేదీని న్యూజెర్సీలో జరిగెను. రట్గర్సు కాలేజి ప్రిన్‌స్టన్‌పై 6-4 గా గెలిచెను. తరువాత చాలకాలము తూర్పుతీరపు ప్రాచీన విద్యాలయములైన యేలు, హార్వర్డు, ప్రిన్‌స్టనులకు ఎదురు లేకుండెను. ఆట నిబంధనలకు పునాది వేసిన వాల్టర్ క్యాంపు యేలులో చదివినవాడే. నేడు వానికా ప్రాబల్యము లేదు. ఆట నేర్చినవాడన్న కారణముచే ఎవ్వనికిని వేతనము ఇయ్యరాదని యవి 1954లో ఒడంబడిక చేసికొనెను. ఓడిపోవుట కంటె చదువు చెడుట పెద్ద నష్టమని తలంచిరి కాబోలు.

ఆ బలము పడమటికి, ఓహియో, మిచిగన్ మున్నగు రాష్ట్రములకు తరలెను. గనులలోను ఉక్కు కర్మాగారములలోను పనిచేయువారి కుమారులును, ప్రభుత్వపు పెద్ద విశ్వవిద్యాలయములును అచ్చట కలిసివచ్చిరి.

దక్షిణ రాష్ట్రముల కథ వేఱు. అంతర్యుద్ధమున ఓడి, పేదఱికమున మునిగియున్న ఆ ప్రాంతమును ఇతరులు చిన్నచూపు చూచుచుండిరి. 1926 జనవరి 1వ తేదీని కాలిఫోర్నియాలోని పాసడీనాలో అలబామా పక్షము, సగము ఆట ముగియునప్పటికి 0-12 గా వెనుకబడియు, తుదకు వాషింగ్టన్ విశ్వవిద్యాలయమును 20-19 గా ఓడించెను. నాటినుండి ఈ ఆట దక్షిణాదివారికి పరువు విషయమయ్యెను. వృత్తి ఆటగాండ్ర పక్షములు ఆ ప్రాంతమున 1960 వఱకు స్థిరపడలేదు. అందుచే జనుల యభిమాన మంతయు కాలేజీల మీదనే నిలిచెను.

కాని ఆ పరువులో ఒక మచ్చ యుండెను. నల్లజాతి యువకులకు అచ్చటి పక్షములలో ప్రవేశము లేదు. టెక్సాస్‌లో పెరిగిన బబ్బా స్మిత్ అను మహాబలశాలి తన రాష్ట్రపు విశ్వవిద్యాలయమున ఆడగోరియు, వీలులేక ఉత్తరమునకు పోయి మిచిగన్ స్టేటు పక్షమున ఆడవలసివచ్చెను. 1966లో ఆ పక్షము ఓటమి యెఱుగలేదు. అనగా ఉత్తరాది బలములో కొంత భాగము దక్షిణాది తనంతట తాను తరిమివేసిన బలమే. 1970 సెప్టెంబరులో సదరన్ కాలిఫోర్నియా పక్షము అలబామాను దాని సొంత రాష్ట్రములోనే 42-21 గా ఓడించెను. గెలుపునకు ముఖ్యుడు శామ్ కన్నింగ్‌హామ్ అను నల్లజాతి యువకుడు. ఆ యాట చూచిన పిమ్మటనే అలబామావారి కన్నులు తెఱువబడెనని లోకులు చెప్పుకొందురు. అది పూర్తిగా నిజము కాదు. విల్బర్ జాక్సన్ అను నల్లజాతి విద్యార్థిని వారప్పటికే చేర్చుకొనియుండిరి. మొదటి సంవత్సరపు విద్యార్థి యగుటచే నాడతడు ఆడరాదు.

తలుపులు తెఱువబడినపిదప దక్షిణాది బాలురు ఇంటికడనే నిలిచిరి. కర్మాగారములు మూతబడిన ఉత్తరపు పట్టణములనుండి జనులును దక్షిణమునకు తరలిరి. ఫలితముగా 2006 మొదలు 2012 వఱకు వరుసగా ఏడేండ్లు జాతీయ విజయము ఆగ్నేయ సమాఖ్య కాలేజీలకే దక్కెను.

ఇప్పుడు ధనము మఱల త్రాసును కదలించుచున్నది. ప్రసార హక్కులను కాలేజీలు స్వయముగా అమ్ముకొనవచ్చునని 1984లో సుప్రీముకోర్టు తీర్పు వెలువడెను. 2021 నుండి ఆటగాండ్రు తమ పేరు ప్రఖ్యాతులపై సొమ్ము గడించుకొనవచ్చును. 2023లో మిచిగన్, 2024లో ఓహియో స్టేటు గెలుచుటతో ఉత్తరము తల యెత్తెను. పడమటి తీరమున మాత్రము, ప్రసారపు సొమ్ము చాలక, 2024లో పది విద్యాలయములు తమ పాత సమాఖ్యను విడిచిపోయెను. అందొకటియైన లాస్ ఏంజిలీసు విశ్వవిద్యాలయము నేడు, మొదటి ఆట గెలిచిన రట్గర్సుతో ఒకే సమాఖ్యలో నున్నది. ఆ విద్యార్థులు ఒక్క ఆటకై ఖండము నీ కొననుండి ఆ కొనకు విమానమున పోయి, సోమవారపు పాఠముల వేళకు మఱల రావలయును.