మిరప సారంతో వెండి నానో కణాలు: రంగు మారిన తరువాత చూడవలసినవి

1 నుండి 100 నానోమీటర్ల పరిమాణం గల వెండి కణాలకు సూక్ష్మజీవులను నశింపజేసే గుణం ఉన్నందున, కాలిన గాయాలకు కట్టే పట్టీలలో వీటిని వాడుతున్నారు. రసాయన పద్ధతిలో సిల్వర్ నైట్రేట్‌ను క్షయకరణం చేయడానికి సోడియం బోరోహైడ్రైడ్, హైడ్రజీన్ వంటి విషపదార్థాలు ఉపయోగిస్తారు. మొక్కల సారంలోని ప్రోటీన్లు, ఫినాలిక్ పదార్థాలు ఇదే పనిని నీటిలోనే చేస్తాయి. కణాల చుట్టూ పొరగా ఏర్పడి అవి గుమికూడకుండా కూడా కాపాడతాయి. 2004లో పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాల వేపాకుతోను, 2007లో చైనా శాస్త్రవేత్తలు మిరప సారంతోను ఈ విధంగా వెండి కణాలను తయారు చేశారు.

గుంటూరు, ప్రకాశం జిల్లాలలో మిరపకు కొదవ లేదు. చిక్కంతా అక్కడే ఉంది. 2021-22లో నల్ల తామర పురుగు ఉధృతికి రైతులు పదేపదే మందులు చల్లవలసి వచ్చింది. అటువంటి చేలలో కోసిన ఆకును మరిగిస్తే పురుగుమందుల అవశేషాలు కూడా సారంలోకి దిగవచ్చు. అప్పుడు పరీక్షలో బాక్టీరియా చనిపోతే, అది వెండి ప్రభావమో అవశేషాల ప్రభావమో ఎలా చెప్పగలం?

కనుక మందు చల్లని మడిలో పెంచిన ఆకునే తీసుకోవాలి. రకం, మొక్క వయసు, కోసిన తేదీ నమోదు చేయాలి. వట్టి సారాన్ని, వట్టి సిల్వర్ నైట్రేట్‌ను విడివిడిగా పరీక్షించి పోల్చాలి. విద్యార్థులు తరచు విస్మరించేది ఈ పోలికనే! ద్రావణం గోధుమ రంగుకు మారడం ఆరంభ సూచన మాత్రమే. 400-450 నానోమీటర్ల వద్ద కాంతి శోషణను, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పరిమాణాన్ని నిర్ధారించాలి. కణాలను కడిగిన నీటిని కాలువలోకి వదలరాదు. వెండి నేలలోని మేలు చేసే బాక్టీరియాకు కూడా హానికరమే.