ఉన్నతవిద్యకు రెండవ త్రోవ

ఇంజనీరింగులోఁ బట్టభద్రులై ఎం.టెక్. చదువఁగోరువారు సాధారణముగా గేటు పరీక్ష వ్రాయుదురు. ఇది 3 గంటల పరీక్ష, మార్కులు 100. ఇందుఁ గృతార్థులైన వారికందఱకును ఐ.ఐ.టి.లలో స్థానము దొరకదు. స్థానములు కొలఁది, కోరువారు పెక్కండ్రు. కావున నొక్క ద్వారమునే నమ్మి నిలుచుట మేలు గాదు.

గేటు స్కోరు ఫలితములు వెలువడిన నాఁటినుండి 3 సంవత్సరములు చెల్లును. ఐ.ఐ.టి. దొరకనివారు దానితోనే ఎన్.ఐ.టి.లలోఁ బ్రవేశము కోరవచ్చును. కొన్ని ప్రభుత్వరంగ సంస్థలు దానినే చూచి యుద్యోగములకుఁ బిలుచును. గేటు లేనివారికి మన రెండు రాష్ట్రములయందును పి.జి.ఇ.సెట్ అను ప్రవేశపరీక్ష గలదు. అయితే వీని గడువులు వేఱువేఱు. ఒకదాని ఫలితమునకై వేచియుండు లోపల వేఱొకదాని గడువు దాఁటిపోయినచో, విద్యార్థికి నిండు సంవత్సరము నష్టమగును. కనుక దరఖాస్తులన్నియు ముందే పంపవలయును. ఏది దొరకిన నేమి చేయవలయునో తల్లిదండ్రులతోఁ గూడి ముందే నిశ్చయించుకొనవలయును.

అబ్దుల్ కలాముగారు విద్య ముగించినపిదప వైమానిక దళమునకును, రక్షణశాఖలోని సాంకేతిక విభాగమునకును, రెంటికిని దరఖాస్తు చేసిరి. దళమున 8 స్థానము లుండఁగా వారు 9వ వారైరి. రెండవ త్రోవ తెఱచియుండుటచే 1958లో సాంకేతిక విభాగమునఁ జేరిరి. పిదప రాకెట్టుల నిర్మాణమునఁ బ్రసిద్ధులైరి.

విద్యార్థులారా! రెండవ త్రోవ యోటమికి గుఱుతు గాదు. అది ముందుచూపునకు ఫలము.